బుగ్గల్లో గింజలు, భూమిలో గాదె



రక్తపింజర కాటు ఎంత ప్రమాదమో పల్లెల్లో పుట్టి పెరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ పాముని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారు. ఆ రస్సెల్ ఎవరంటే, పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు. 1781లో మన విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనకు ఇక్కడి చెట్టుచేమలను, జీవజాలాన్ని పరిశీలించే ఉద్యోగం ఇచ్చింది. కోరమాండల్ తీరంలో దొరికిన పాముల్ని పట్టించి తెప్పించుకుని, వాటిని ఊళ్లలో జనం ఏ పేర్లతో పిలుస్తారో అడిగి రాసుకుని, 1796లో బొమ్మలతో సహా పెద్ద పుస్తకం వేశాడు.

ఇవాళ్టి ప్రసంగం పాముల గురించి కాదు. విశాఖ రాకముందు రస్సెల్ చాలా ఏళ్లు సిరియా దేశంలోని అలెప్పో నగరంలో వైద్యం చేశాడు. ఆయన సవతి అన్న అలెగ్జాండర్ రస్సెల్ కూడా అక్కడ వైద్యుడిగా పనిచేసినవాడే. అలెప్పో ప్రాంతపు ప్రకృతి విశేషాల మీద అన్న 1756లో ఒక పుస్తకం రాశాడు. తమ్ముడు దాన్ని సవరించి, పెంచి, 1794లో మళ్లీ అచ్చు వేయించాడు. అందులో ఒక చిన్న జంతువు ప్రస్తావన వస్తుంది. దాన్ని కోసి చూస్తే రెండు బుగ్గల వెనకా రెండు సంచులు కనిపించాయట. వాటినిండా లేత బీన్స్ కాయలు. నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి, సందులేకుండా సర్ది ఉన్నాయి. తీసి బల్ల మీద పోస్తే, ఆ కుప్ప జంతువు ఒంటికి మూడింతలు అయింది. ఇంత చిన్న ప్రాణి ఇంత పొందికగా ఎలా సర్దుకుందో అంతుపట్టలేదని ఆ పుస్తకంలో రాసి ఉంది.

ఆ జంతువు హ్యామ్‌స్టర్. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్తే గాజుపెట్టెలో రంపపు పొట్టు మీద ముడుచుకుని నిద్రపోతూ కనిపిస్తుంది. గుండ్రటి ఒళ్లు, నల్లపూసల్లాంటి కళ్లు, ఉందో లేదో తెలియనంత తోక. పిల్లలు చూడగానే కొనిపెట్టమని మారాం చేస్తారు. కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ అది కదిలే బొమ్మ. కానీ ఆ ఒళ్లు తయారైంది బొమ్మ బతుకు కోసం కాదు. ఒంటరిగా, భూమి లోపల, దాచుకున్న గింజల మీద బతకడానికి తయారైన పొలం జంతువు అది. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకుంటే దాని ప్రవర్తన, దాని చరిత్ర, ఇవాళ దానికొచ్చిన కష్టం అన్నీ అర్థమవుతాయి. ఆ సంగతులే ఇప్పుడు మీతో పంచుకుంటాను.

ముందు బుగ్గ సంచి సంగతి. హ్యామ్‌స్టర్ నోట్లో రెండు పక్కలా, పళ్లకీ బుగ్గకీ మధ్య, లోపలికి తెరుచుకునే సంచి ఉంటుంది. అది బుగ్గతో ఆగదు. మెడ పక్కనుంచి సాగి భుజం దాటి వెనక్కి పోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు చర్మం కింద ముడుచుకుని ఉంటుంది కాబట్టి అక్కడ సంచి ఉందని కూడా తెలియదు. నిండితే మాత్రం తలా మెడా భుజాలూ ఏకమైపోయి, జంతువు ముందుభాగం రెండింతల వెడల్పవుతుంది. సంచి లోపలి పొరలో లాలాజలం ఊరే గ్రంథులు లేవు. అందుకని అందులో పెట్టిన గింజ నానదు, పొడిగానే ఉంటుంది. సంచి చివర ఒక పొడవాటి కండరం ఉంది. అది వెనక్కి పోయి వెన్నెముకకు అతుక్కుని ఉంటుంది. నిండిన సంచిని జారిపోకుండా పట్టి ఉంచేదీ, ఖాళీ అయ్యాక మళ్లీ లోపలికి లాగేదీ ఆ కండరమే.

ఈ సంచి నింపే పని దగ్గరగా చూడవలసిందే. హ్యామ్‌స్టర్ ముందు గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు పోస్తే, అది ముందు మీసాలతో తడిమి, వాసన చూస్తుంది. ఒక గింజను రెండు ముందుకాళ్లతో ఎత్తి నోటి దగ్గర అటూ ఇటూ తిప్పుతుంది. మొనదేలిన కొస లోపలికి వచ్చేలా పెట్టి చటుక్కున తోసేస్తుంది. నమలదు. వెంటనే ఇంకో గింజ. కాసేపు కుడి సంచి, కాసేపు ఎడమ సంచి. నిమిషాల్లో నేల ఖాళీ. మొహం ఉబ్బిపోయి, కళ్లు పైకి తేలి, బరువైన నడకతో గూట్లోకి పోతుంది. అక్కడ ముందుకాళ్లను బుగ్గల వెనక ఆనించి, వెనకనుంచి ముందుకు గట్టిగా నొక్కుతుంది. గింజలు జలజలా రాలతాయి. ఒక్కదానిమీదా పంటిగాటు ఉండదు. మూతి తుడుచుకుని, మళ్లీ బయల్దేరుతుంది.

ఈ ఏర్పాటంతా ఎందుకు? పొలంలో గింజ పండి చేతికొచ్చే రోజులు కొద్ది. ఆ కొద్ది రోజుల్లోనే ఏడాది గ్రాసం కూడబెట్టుకోవాలి. పోనీ తీరిగ్గా ఏరుకుందామంటే పైన గద్దలు, గుడ్లగూబలు, కింద నక్కలు. గింజ దొరికినచోటే కూర్చుని తింటే తనే ఇంకొకరికి తిండి అవుతుంది. బయట మూట కట్టుకోవడం, లోపలికెళ్లి తినడం, ఇదీ దాని పద్ధతి. జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయానికి చెందిన రోల్ఫ్ గాటర్‌మాన్ బృందం ఈ బతుకును పొలంలోనే కనిపెట్టి చూసింది. సిరియాలో కలుగులు తవ్వి కొలిస్తే సగటు లోతు 65 సెంటీమీటర్లు వచ్చింది, కొన్ని మీటరు దాటాయి. ఏ కలుగులోనూ రెండు పెద్ద జంతువులు కలిసి లేవు. దక్షిణ టర్కీలో ఆడ హ్యామ్‌స్టర్లను కనిపెట్టి 2008లో మరో సంగతి ప్రకటించారు. రోజు మొత్తంలో అవి నేల మీద గడిపే సమయం గంట, గంటన్నర. అదీ పగటిపూట. పంజరంలో రాత్రిళ్లు తిరిగే జంతువు పొలంలో వెలుతురుండగానే పని ముగించుకుంటోంది. మిగతా కాలమంతా మట్టిలోపలే. గంటన్నరలో రోజుకు సరిపడా తిండి మోసుకురావాలంటే అంత సంచి ఉండాల్సిందే మరి.

ఈ సంచికి ఇంకా ఉపయోగాలున్నాయి. ప్రమాదం వచ్చిందని బెదిరితే తల్లి హ్యామ్‌స్టర్ చిన్నపిల్లల్ని బుగ్గల్లో వేసుకుని చోటు మారుస్తుంది. ఐరోపాలో ఉండే పెద్ద జాతి హ్యామ్‌స్టర్ నీళ్లు దాటవలసి వచ్చినప్పుడు సంచుల్లో గాలి నింపుకుని తేలుతూ ఈదుతుంది. బుగ్గ సంచులు దీనికొక్కదానికే ఉన్నాయనుకోకండి. అమెరికాలో గోఫర్ అనే జంతువుకు సంచులు నోటి బయట, బుగ్గ మీద తెరుచుకుంటాయి, లోపల బొచ్చు కూడా ఉంటుంది. మన గుళ్ల దగ్గర కోతులకూ బుగ్గ సంచులున్నాయి. చేతిలోంచి శనగలు లాక్కున్న కోతి ముందు బుగ్గలు నింపుకుని, గోడెక్కి కూర్చున్నాక తినేది అందుకే.

మరి మన పందికొక్కు? అది కూడా దాచుకునే జంతువే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతల వేళ పందికొక్కు కలుగు తవ్వితే లోపల వరి కంకులు దొంతర్లుగా కనిపిస్తాయి. ఎలుకలు పట్టే యానాదులకు ఈ సంగతి తరతరాలుగా తెలుసు. అయితే పందికొక్కుకు సంచి లేదు, కంకిని పళ్లతో కరుచుకుని లాక్కుపోతుంది. వంశం రీత్యా కూడా ఈ రెండూ దగ్గర కావు. పందికొక్కు, ఇంటి ఎలుక, చిట్టెలుక ఒక కుటుంబం. హ్యామ్‌స్టర్ది వేరే కుటుంబం, ఉత్తర ధ్రువ ప్రాంతాల్లో ఉండే లెమ్మింగులు దానికి చుట్టాలు. ప్రపంచంలో దాదాపు 20 జాతుల హ్యామ్‌స్టర్లు ఉన్నాయి. దక్షిణ భారతంలో ఒక్కటీ లేదు. మన దేశంలో చూడాలంటే లడఖ్, కాశ్మీర్ పర్వతాలకు వెళ్లాలి, అక్కడ చిన్న జాతులున్నాయి.

ఈ జాతుల్లో పెద్దది ఐరోపా హ్యామ్‌స్టర్. గోధుమరంగు వీపు, నల్లటి పొట్ట, 20 సెంటీమీటర్లు దాటిన ఒళ్లు. చిన్నది మంగోలియా, చైనా ఎడారుల్లో తిరిగే రొబొరొవ్‌స్కీ హ్యామ్‌స్టర్, పట్టుమని 25 గ్రాములుండదు. సైబీరియా మైదానాల్లో ఉండే జంగేరియన్ హ్యామ్‌స్టర్ చలికాలం రాగానే తెల్లబడుతుంది. చలి పుట్టి కాదు, పగటి పొద్దు తగ్గడాన్ని పసిగట్టి బొచ్చు మార్చుకుంటుంది. పెట్ షాపుల్లో ఎక్కువగా దొరికేది మధ్యరకం, 100 నుంచి 150 గ్రాములు తూగే బంగారు హ్యామ్‌స్టర్. అలెప్పోవాసి అదే. దాని కథ ఇప్పుడు చెప్పుకోవాలి.

అలెప్పో నుంచి వచ్చిన ఒక నమూనాను చూసి 1839లో లండన్‌లో జార్జ్ వాటర్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రీయ వర్ణన రాశాడు. ఆ తరవాత చాలాకాలం దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1930 నాటికి జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో సాల్ అడ్లర్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు కాలా అజార్ జ్వరం మీద పరిశోధన చేస్తున్నాడు. ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చి, ప్లీహం ఉబ్బి, మనిషిని పీల్చి పిప్పిచేసే జబ్బు అది. మన దేశంలో బీహార్, బెంగాల్ ప్రాంతాలను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది. దానికి కారణమైన పరాన్నజీవిని గుర్తించిన ఇద్దరిలో ఒకరైన చార్లెస్ డోనొవన్ 1903లో పనిచేసింది మద్రాసులోనే. ఆ పరాన్నజీవిని ప్రయోగశాలలో పెంచడానికి అడ్లర్‌కు ఒక చిన్న జంతువు కావాలి. చైనా నుంచి హ్యామ్‌స్టర్లు తెప్పించాడు గానీ అవి పంజరంలో పిల్లల్ని పెట్టలేదు. దగ్గర్లో ఇంకేదైనా జాతి దొరికితే చూడమని సహాధ్యాపకుడు ఇజ్రాయెల్ అహరోనిని అడిగాడు.

అహరోని జంతుశాస్త్రజ్ఞుడు. 1930 ఏప్రిల్‌లో అలెప్పో దగ్గరకు వెళ్లాడు. స్థానిక షేక్ సాయంతో కూలీలను పెట్టి ఒక గోధుమ చేను తవ్వించాడు. చేను చాలావరకు పాడైంది. ఎనిమిది అడుగుల లోతున చివరికి గూడు దొరికింది. అందులో ఒక తల్లి, కళ్లు కూడా తెరవని 11 పిల్లలు. తల్లినీ పిల్లల్నీ ఒకే పెట్టెలో పెట్టారు. బెదిరిపోయిన తల్లి పిల్లల్లో ఒకదాని తల కొరికేసింది. మిగతావాటికీ అదే గతి పడుతుందని భయపడి అహరోని తల్లిని చంపేశాడు. తల్లి లేని 10 పిల్లల్ని ఆయనా ఆయన భార్యా చేత్తో పాలుపట్టి బతికించారు. తరవాత వాటిని విశ్వవిద్యాలయం జంతుశాలకు ఇస్తే, అక్కడ పంజరం అడుగు చెక్కను కొరికి కొన్ని పారిపోయి చచ్చాయి. చివరికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలాయి. ఆ అన్నాచెల్లెళ్లే జతకట్టాయి. ఏడాది తిరిగేసరికి వాటి సంతతి 150 దాకా అయింది.

ఇంత తొందరగా ఎలా పెరిగిందంటారా? బంగారు హ్యామ్‌స్టర్ గర్భం మోసేది 16 రోజులు. పిల్లలు కడుపులో పెరిగే క్షీరదాల్లో ఇంత తక్కువ గర్భకాలం ఉన్నవి అరుదు. ఈతకు ఎనిమిది, పది పిల్లలు. కళ్లు మూసుకుని, బొచ్చు లేకుండా పుడతాయి గానీ పుట్టేటప్పటికే ముందుపళ్లు ఉంటాయి. రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి. నెల తిరిగేసరికి తల్లిని వదిలేస్తాయి. ఆయుర్దాయం మహా అయితే రెండు, మూడేళ్లు. తొందరగా పుట్టి, తొందరగా పెరిగి, తొందరగా పోయే జీవితం కాబట్టే ప్రయోగశాలలు దీన్ని ఎంచుకున్నాయి. 1931లో అడ్లర్ కొన్నింటిని కోటు జేబుల్లో పెట్టుకుని ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. అక్కడినుంచి జంతుప్రదర్శనశాలలకు, ఇళ్లకు, అమెరికాకు చేరాయి. ఇవాళ ప్రపంచంలో ఇళ్లలో పెరుగుతున్న బంగారు హ్యామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క గోధుమ చేలో, ఆ ఒక్క గూట్లో దొరికిన పిల్లల వారసులే.

శ్రోతలారా, ఈ అలెప్పో సంతతికి మన తెలుగు రైతులు రుణపడి ఉన్నారంటే ఆశ్చర్యపోవద్దు. పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధి మీకు తెలుసు. నోట్లో పుండ్లు, గిట్టల మధ్య బొబ్బలు, ఎద్దు కుంటుతుంది, గేదె పాలు తగ్గిపోతాయి. దానికి టీకా చేయాలంటే ఆ వైరస్‌ను బతికున్న కణాల్లో పెద్దఎత్తున పెంచాలి. 1961లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో మెక్‌ఫర్సన్, స్టోకర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒకరోజు వయసున్న బంగారు హ్యామ్‌స్టర్ పిల్లల మూత్రపిండాల నుంచి కణాలు తీసి గాజుపాత్రల్లో పెంచారు. అవి అంతూపొంతూ లేకుండా విభజన చెందుతూ పోయాయి. మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్ పరిశోధకులు గాలికుంటు వైరస్ ఆ కణాల్లో చక్కగా పెరుగుతుందని చూపించారు. ఆ కణాల వంశమే ఇప్పుడు పెద్దపెద్ద తొట్టెల్లో పెరుగుతూ టీకాలకు ఆధారమైంది. మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ గాలికుంటు టీకా తయారుచేసేది ఆ కణాల మీదే. పశువుల డాక్టరు ఊరికి వచ్చి ఆవులకూ గేదెలకూ వరసగా సూది వేస్తున్నప్పుడు ఆ మందు సీసా వెనక హ్యామ్‌స్టర్ పిల్లలున్నాయి.

మనుషుల మందుల్లో చైనా హ్యామ్‌స్టర్ పాత్ర ఇంకా పెద్దది. 1957లో అమెరికాలో థియొడోర్ పక్ అనే శాస్త్రజ్ఞుడు చైనా హ్యామ్‌స్టర్ అండాశయం నుంచి కణాలు తీసి పెంచాడు. మనిషి శరీరంలో తయారయ్యే ప్రోటీన్‌ను ఆ కణాల చేత తయారు చేయించవచ్చని తరవాత తేలింది. అలా తయారైన మొదటి మందు, గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించేది, 1987లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. ఇవాళ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడే ఖరీదైన ఇంజెక్షన్లలో చాలావాటికి ఆ కణాలే కర్మాగారం. లింఫోమా అనే క్యాన్సర్‌కు ఇచ్చే రిటుక్సిమాబ్ మందుకు తక్కువ ధర రూపాన్ని హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో తెచ్చింది. ఆ మందు పుట్టేది కూడా హ్యామ్‌స్టర్ కణాల్లోనే. కోవిడ్ వచ్చినప్పుడూ ఈ జంతువునే పిలిచారు. ఆ వైరస్ బంగారు హ్యామ్‌స్టర్ ఊపిరితిత్తులకు సహజంగానే సోకుతుంది. హైదరాబాద్ జినోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్‌ను పుణె జాతీయ వైరాలజీ సంస్థలో హ్యామ్‌స్టర్ల మీద పరీక్షించారు. అదే గుణం వాటికి చేటు కూడా తెచ్చింది. 2022 జనవరిలో హాంకాంగ్‌లో ఒక దుకాణంలోని హ్యామ్‌స్టర్లకు కోవిడ్ సోకిందని తేలితే, సుమారు 2,000 చిన్న జంతువుల్ని ప్రభుత్వం చంపించింది.

ప్రయోగశాలల సంగతి అలా ఉంటే, పొలాల్లో మిగిలిన హ్యామ్‌స్టర్ల పరిస్థితి ఏమీ బాగాలేదు. ఐరోపా హ్యామ్‌స్టర్ ఒకప్పుడు ఫ్రాన్స్ నుంచి రష్యా దాకా గోధుమ చేలన్నిటా ఉండేది. ఒక్కో కలుగులో పదుల కిలోల గింజలు దాచేది. అక్టోబరు నుంచి మార్చి దాకా లోపలే పడుకుని, వారానికోసారి లేచి దాచుకున్నది తిని మళ్లీ పడుకునేది. రైతులకు అది పచ్చి దొంగ. కలుగుల్లో నీళ్లు పోసి చంపారు, విషం పెట్టారు, తోళ్ల కోసం వలలు పన్నారు. తూర్పు జర్మనీలో ఏటా లక్షల తోళ్లు అమ్ముడుపోయేవి. అలాంటి జంతువు 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతుల్లోకి ఎక్కింది. అంతకుముందే 2011లో ఐరోపా న్యాయస్థానం, ఆల్సాస్ ప్రాంతంలో హ్యామ్‌స్టర్‌ను కాపాడే బాధ్యత సరిగ్గా నెరవేర్చలేదని ఫ్రాన్స్ ప్రభుత్వాన్ని తప్పుపట్టింది.

చంపడం ఆగినా సంఖ్య ఎందుకు పెరగడంలేదు? స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన మథిల్డ్ టిసియే బృందం 2017లో ప్రచురించిన పరిశోధన దీనికి ఒక జవాబిచ్చింది. ఆల్సాస్‌లో గోధుమ తగ్గి ఎటు చూసినా మొక్కజొన్నే అయింది. నిద్ర లేచి బయటకొచ్చిన హ్యామ్‌స్టర్‌కు కలుగు చుట్టూ దొరికేది ఒక్క మొక్కజొన్నే. మొక్కజొన్న ప్రధానంగా తిన్న తల్లులు పిల్లల్ని గూటికి చేర్చుకోకుండా, దాచుకున్న గింజల మీదే పడేసి, బతికుండగానే తినేశాయి. నాలుకలు నల్లబడ్డాయి. తిండిలో అంతా బాగానే ఉన్నా లోపించింది ఒక్కటే, బి3 విటమిన్. దాన్ని తిండిలో కలపగానే తల్లులు మళ్లీ మామూలుగా పిల్లల్ని పెంచాయి.

బి3 లోపం మనిషికి వస్తే దాని పేరు పెల్లాగ్రా. ఎండ తగిలేచోట చర్మం నల్లగా పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చలిస్తుంది. మొక్కజొన్న మాత్రమే తిన్న దేశాల్లో అది వేలమందిని బలిగొంది. మన దక్కన్ పీఠభూమిలో జొన్న మీదే బతికిన పేదల్లోనూ కనిపించింది. తరవాత జాతీయ పోషకాహార సంస్థగా మారిన హైదరాబాద్ పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960లో దీని మీద చేసిన పరిశోధన ప్రపంచ ప్రసిద్ధి పొందింది. మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి రొట్టె చేసుకుంటే అందులో బిగుసుకున్న బి3 విడుదలవుతుందని మెక్సికో ప్రజలకు ఎప్పటినుంచో తెలుసు. చేలో బతికే జంతువుకు ఆ ఉపాయం లేదు. పప్పుధాన్యాలు, గోధుమ, గడ్డిమొక్కలు అంచుల్లోనైనా కలిపి సాగుచేస్తేనే అది బతుకుతుంది. ఒకే పంట వేయడం వల్ల ఏం నష్టమని అడిగేవారికి ఆల్సాస్ హ్యామ్‌స్టర్ కన్నా గట్టి సాక్ష్యం దొరకదు. అదే ఐరోపాలో, వియన్నా నగరపు పెద్ద శ్మశానవాటికలో మాత్రం ఈ హ్యామ్‌స్టర్లు నిక్షేపంగా ఉన్నాయి. నాగళ్లు లేవు, విషం లేదు. సమాధుల మీద పెట్టిన పువ్వులు తింటాయి, కొవ్వొత్తుల మైనం కూడా కొరుక్కుని బుగ్గల్లో వేసుకుపోతాయి.

ఇక ఇంట్లో పెంచే హ్యామ్‌స్టర్ దగ్గరికి వద్దాం. ఇంతసేపూ చెప్పుకున్న మూడు మాటలే ఇక్కడా వర్తిస్తాయి.

ఒంటరి జంతువని చెప్పుకున్నాం. పాపం, తోడు లేదని రెండో బంగారు హ్యామ్‌స్టర్‌ను తెచ్చి అదే పంజరంలో వేయకండి. పెద్దయ్యాక ఒకదాన్నొకటి కరుచుకుంటాయి, చంపుకోవడమూ ఉంది. ఒక పంజరానికి ఒకటే.

భూమి లోపల బతికే జంతువని చెప్పుకున్నాం. పంజరం అడుగున పల్చగా పొట్టు చల్లితే సరిపోదు. తవ్వుకుని లోపలికి దూరగలిగేలా జానెడు మందాన కాగితపు ముక్కలో, పరిశుభ్రమైన పొట్టో వేయాలి. పరుగెత్తడానికి చక్రం ఉండాలి, దానికి కమ్మీల సందులుండకూడదు, కాలు ఇరుక్కుంటుంది. సాయంత్రం చీకటి పడగానే చక్రమెక్కి ఒక్క రాత్రిలో కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తుతుంది. ఆ పరుగు మొదలుపెట్టే వేళ ఎంత కచ్చితమంటే, శరీరంలోని గడియారం గురించి శాస్త్రజ్ఞులు ఆ చక్రం చూసే చాలా నేర్చుకున్నారు. 1988లో అమెరికాలో మార్టిన్ రాల్ఫ్, మైకేల్ మెనాకర్ అనేవాళ్లు పుట్టుకతోనే 24 గంటలకు బదులు 20 గంటల రోజు గడిపే హ్యామ్‌స్టర్లున్నాయని చూపారు. వాటి మెదడులోని ఒక చిన్న కణజాలాన్ని మామూలు హ్యామ్‌స్టర్‌కు అమర్చితే, దాని రోజు కూడా 20 గంటలైపోయింది. శరీర గడియారం మెదడులో ఎక్కడుందో అలా రుజువైంది. కాబట్టి పగలు నిద్రపోతున్న దాన్ని పిల్లలు లేపి ఆడించబోతే కరిచిందని కోప్పడటం న్యాయం కాదు. అది దాని అర్ధరాత్రి.

దాచుకున్న గింజల మీద బతుకుతుందని చెప్పుకున్నాం. జొన్నలు, సజ్జలు, గోధుమలు, ఓట్స్ పెట్టవచ్చు. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వెక్కువ, అవి కొద్దిగానే ఇవ్వాలి. గిన్నె ఖాళీ అయింది కదా అని మళ్లీ నింపేముందు గూట్లో చూడండి. గిన్నెలోది తినలేదు, దాచుకుంది. బెల్లం, మిఠాయి, చాక్లెట్ జోలికి పోవద్దు. జిగురు పదార్థం బుగ్గ సంచికి అతుక్కుంటే బయటకు రాదు, లోపల కుళ్లి పుండవుతుంది. ఒకవైపు బుగ్గ ఒక రోజు దాటినా ఉబ్బే ఉంటే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరుక్కోవడానికి కర్రముక్క ఎప్పుడూ ఉండాలి.

మన ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఎండ. హ్యామ్‌స్టర్‌కు హాయిగా ఉండేది 20 నుంచి 24 డిగ్రీల వేడి. దాని సొంత ఊళ్లో ఎండ మండుతున్నప్పుడు మట్టిలోపల చల్లగా పడుకుంటుంది. మన రోహిణి కార్తెలో, మేడమీద గదిలో, కిటికీ పక్కన గాజుపెట్టెలో దానికి పారిపోయే చోటు లేదు. చెమట పట్టదు, వేడి తగ్గించుకునే దారి లేదు. వేసవి మూడు నెలలూ దానికి చల్లటి గది ఏర్పాటు చేయగలమనుకుంటేనే ఇంటికి తేవాలి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. పుట్టినరోజు కానుకగా హ్యామ్‌స్టర్ కావాలని పిల్లలు అడిగితే వద్దనమని నేను చెప్పను. కానీ కొనేముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పండి. ఇది ఎత్తుకుని తిప్పే బొమ్మ కాదనీ, ఒంటరిగా ఉండటమే దానికి ఇష్టమనీ, రాత్రి మేలుకుంటుందనీ, రెండు మూడేళ్లకు మించి మనతో ఉండదనీ ముందే తెలియాలి. రోజూ నీళ్లు మార్చడం, వారం వారం గూడు శుభ్రం చేయడం ఎవరి వంతో ఇంట్లో ముందే తేల్చుకోండి. విసుగొచ్చిందని మాత్రం ఎప్పుడూ తోటలోనో పొలంలోనో వదిలిపెట్టకండి. మన నేల దానిది కాదు, ఒకటి రెండు రోజుల్లో పిల్లికో పాముకో ఆహారమవుతుంది. పెంచలేమనిపిస్తే, పెంచగలిగేవారికి అప్పగించండి.